ముడిమ్యాల దిగుడు

మా మరిది సాముయేలుకు ఒక అలవాటు ఉండేది. సైకిలు గంట మీద మట్టి కనిపిస్తే దాని మీద ఉమ్మేసి జేబురుమాలుతో రుద్దేవాడు. గంట మెరిసేది. రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. కాసేపటికి అదే రుమాలుతో మూతి తుడుచుకునేవాడు. మా ఆయన శాంతయ్య తన సైకిలును తమ్ముడికి ఏనాడూ ఇవ్వకపోతే, పిసినారి కాబట్టి ఇవ్వలేదని ఊళ్ళో అనుకున్నారు. అసలు కారణం ఆ రుమాలు.

మా ఆయన చేవెళ్ల దవాఖానలో పని చేసేవాడు. మా ఊరు సురంగల్ నుంచి మొయినాబాద్ దాకా మట్టి దారి, అక్కడి నుంచి చేవెళ్ల దాకా తారు రోడ్డు. ఆ నల్ల సైకిలు మీదే రోజూ పోయి వచ్చేవాడు. జ్వరం తగిలి ఆయన పోయాక అదే దవాఖానలో నాకు ఆయా పని ఇచ్చారు. నేను బస్సులో పోయేదాన్ని. సైకిలును ఇంట్లో గోడకు ఆనించి పాత దుప్పటి కప్పి ఉంచాను.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలైంది. పట్నంలో కాల్పులు జరిగాయని, చదువుకునే పిల్లలు చచ్చిపోయారని దవాఖానకు వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. బడులు మూతపడ్డాయి. ఎండాకాలం ముదిరేసరికి మా రోడ్డు మీద బస్సులు కూడా బందయ్యాయి. నడిచిపోదామంటే చేవెళ్ల చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. పని మానేద్దామంటే ఇంట్లో పొయ్యి వెలగదు. ఏం చేయాలో తెలియక గుమ్మంలో కూర్చుంటే మా పక్కింటి పెంటమ్మ లోపలికి పోయి సైకిలు మీది దుప్పటి లాగి పారేసింది.

"ఇంట్ల గుర్రాన్ని కట్టేసుకొని గడపల కూసుంటివి. ఎక్కవేందే?" అన్నది.

కళ్లంలో నేర్చుకున్నాను. నాటుకు పోయే ఆడవాళ్ళు చీరను గోసి పెట్టుకున్నట్టు పెట్టుకుంటే నడిమి రాడ్డు అడ్డం కాలేదు. పెంటమ్మ వెనక క్యారియర్ పట్టుకుని ఉరికేది. వదిలేసిన సంగతి చెప్పేది కాదు. ఒకసారి పోయి ఆముదం చేలో పడ్డాను. ఆమె వచ్చి ముందు సైకిలును లేపింది. నువ్వయితే అతుకుతవ్, ఇది వంకర పోతే అతకదని అన్నది. మోకాలు పగిలి రక్తం కారుతున్నా నాకు నవ్వొచ్చింది. మా ఆయన పోయిన తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

ఆ నెలల్లో ఊరు నన్ను చూసి అయ్యో అన్నది. గుళ్ళో అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, విధవరాలి ప్రయాణాలను కాపాడమని పేరు పెట్టి ప్రార్థన చేశారు. మొయినాబాద్ హోటల్ దగ్గర కూర్చున్న మగవాళ్ళు కూడా, పాపం, పొట్టకూటికి తొక్కుతున్నదని పక్కకు జరిగేవాళ్ళు. పొట్టకూటికి తొక్కినంతసేపూ నేను మంచిదాన్నే.

చెప్పకూడదు గానీ, బస్సుల్లేని ఆ రోడ్డు నాకు పండుగలా ఉండేది. కల్వర్టుల మీద సున్నంతో జై తెలంగాణ అని రాసి ఉండేదట. అప్పటికి నాకు అక్షరాలు రావు. మైలురాళ్ళ మీద ఏముందో కూడా తెలియదు, కాబట్టి ఎంత దూరం పోయానో నేను ఎప్పుడూ లెక్క పెట్టలేదు. ఒకరోజు డాక్టరమ్మ ముడిమ్యాలలో సుక్కమ్మ అనే ముసలామెకు మందు ఇచ్చి రమ్మంది. అది మా ఇంటి దారి కాదు. చేవెళ్ల దాటి పోవాలి. ఆ ఊరికి ముందు రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. దిగుడు మొదట్లోనే తొక్కడం ఆపేశాను. చక్రం టకటకమని తనంతట తనే తిరిగింది. గాలి చీరలోకి దూరి వీపు మీద బుడగలా ఉబ్బింది. రెండు పక్కలా జొన్నచేలు వెనక్కి పరుగెత్తాయి. కడుపులో ఏదో తేలిపోయినట్టయింది. కింద వాగు దగ్గర తడి ఇసుక వాసన వచ్చింది. దిగి, సైకిలును తోసుకుంటూ మళ్ళీ పైకెక్కి, మళ్ళీ దిగాను. సుక్కమ్మకు మందు ఆలస్యంగా అందింది. ఆమె తన వాకిట్లోంచి అంతా చూస్తూనే ఉందట.

ఆ తర్వాత మందు ఇచ్చే పని లేకపోయినా వారానికి ఒకటి రెండుసార్లు పని కాగానే అటే పోయేదాన్ని. దిగుడు దిగి, వాగు నీళ్ళతో మొహం కడుక్కుని, పొద్దు గుంకకముందే ఇంటికి వచ్చేదాన్ని. ఇంకే పనీ లేదు.

మా సాముయేలు బడిపంతులు. సమ్మె అని, ఉద్యమం అని ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం ఆరాధన కాగానే అతనూ, సంఘ పెద్ద అంజిలయ్యా చెరో సైకిలు మీద బయలుదేరేవాళ్ళు. హవా ఖానా అనేవాళ్ళు దాన్ని, గాలి తినడానికని. పొద్దున వాక్యం చదివిన నోటితోనే అంజిలయ్య మధ్యాహ్నం చెరువు గట్టు మీద కల్లు తాగేవాడు. పట్నంలో తల్లులు ఏడుస్తుంటే వీళ్ళు ఆ ఏడుపు పేరు మీద వచ్చిన సెలవుల్లో చేపలు కాల్చుకు తినేవాళ్ళు. తిన్నవి పోగా మిగిలినవి హ్యాండిల్‌కు వేలాడదీసుకుని వచ్చేవాళ్ళు. చేపల నీళ్ళు దారి పొడవునా కారేవి. ఒక ఆదివారం సాముయేలు మా గోడ పక్కన కక్కుకుని, దాని మీద కాలితో ఇంత మట్టి తోసి పోయాడు. కుక్కలు వచ్చాయి. నేనే బూడిద పోసి ఎత్తాను. వాళ్ళిద్దరినీ ఎక్కడికి పోయారని ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు.

వానలు వెనకబట్టాక బస్సులు మళ్ళీ నడిచాయి. నేను సైకిలు మీదే పోయాను. రెండో వారం సాముయేలు మా ఇంటికొచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"బస్సులు నడుస్తున్నయి గద వదినా. ఇంక సైకిలెందుకు?"

"నాకు మంచిగనిపిస్తది," అన్నాను.

"మంచిగనిపిస్తదా," అని ఆ మాటను మెల్లగా నోట్లో తిప్పాడు. తినకూడనిదేదో నేను తింటుంటే చూసినట్టు చూశాడు. నేను ముడిమ్యాల వైపు పోవడం చేవెళ్లలో ఎవరో చూసి చెప్పారట. అక్కడ నాకేం పనని అడిగాడు. ఏం పనీ లేదన్నాను. అది నిజం కాబట్టి అతను నమ్మలేదు.

తర్వాత అతను చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ముడిమ్యాలకు పోయి ఇల్లిల్లూ తిరిగాడు. మా వదిన మీ ఇంటికి వస్తదా, మీ ఇంటికి వస్తదా అని గడప గడపా అడిగాడు. అప్పటిదాకా ఆ ఊళ్ళో నా పేరే ఎవరికీ తెలియదు. వదిన పరువు కాపాడాలని పోయి ఊరంతటికీ అనుమానం పంచి వచ్చాడు. సుక్కమ్మ మాత్రం అతన్ని వాకిట్లోనే నిలబెట్టి, మీ వదిన మా ఊరి గాలి తీసుకపోతున్నది బిడ్డా, కావాలంటే మీ ఇంట్ల వెతుక్కోమన్నదట. ఆ సంగతి తర్వాత ఆమే చెప్పింది. చివరికి సైకిలు రిపేరు చేసే భిక్షపతి దొరికాడు. అతనికి పెళ్ళాం లేదు. అవును, ఒకసారి గాలి కొట్టించుకున్నది, కుండలో నీళ్ళు తాగిందని అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సాముయేలుకు ఆ మాట చాలు.

సాయంత్రం ప్రార్థన కాగానే నన్ను గుళ్ళోనే కూర్చోబెట్టారు. అయ్యగారు, అంజిలయ్య, సాముయేలు. స్త్రీల సమాజం తరఫున అంజిలయ్య భార్య నిర్మలమ్మ. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతున్నది.

"ముడిమ్యాలల ఎవరింటికి పోతున్నవ్ కరుణమ్మా?" అని అయ్యగారు అడిగారు.

"ఎవరింటికి పోతలేను అయ్యగారూ."

"మరి ఎందుకు పోతున్నవ్?"

"అక్కడ దిగుడుంటది. దిగనీకి."

అంజిలయ్య నవ్వాడు. నవ్వినప్పుడు అతని పళ్ళ సందుల్లో ఏదో తెల్లగా ఇరుక్కుని ఉంది. నిర్మలమ్మ ఛీ అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేనేదో కుళ్ళినదాన్నైనట్టు.

"ఆదివారాలు మీరు ఎవరింటికి పోతరు అన్నా?" అని అంజిలయ్యనే అడిగాను.

"మేం ఊకె గాలికి పోతం."

"నేను గూడ గాలికే."

మగవాళ్ళ సంగతి వేరని అయ్యగారు అన్నారు. భిక్షపతి పేరు ఎవరూ పైకి అనలేదు, అందరి మొహాల్లోనూ ఉంది. సైకిలును ఇంట్లో పెట్టి బస్సులో పొమ్మని చెప్పి పంపేశారు. నేను ఇంటికి పోయి బకెట్టు నీళ్ళు పోసుకున్నాను. వాళ్ళు చేత్తో ముట్టుకోలేదు, అయినా ముట్టుకున్నట్టే ఉంది. మర్నాడు సైకిలు మీదే పనికి పోయాను. ఆ వారమంతా అలాగే పోయాను.

తర్వాత కోతల పండుగ వచ్చింది. మా సంఘాలలో పంట ఇంటికి వచ్చాక జరుపుకునే పండుగ అది. కోళ్ళు, గుమ్మడికాయలు, జొన్న కంకులు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఒకసారి అక్కడ పెట్టిందంటే అది దేవుడిది. ఇచ్చినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని హర్రాజు, అంటే వేలం, వేస్తారు, వచ్చింది గుడికి పోతుంది. ఇచ్చిన ఇంటివాళ్ళు తమ వస్తువును తామే పాడుకుంటే మాత్రం ఎవరూ పై పాట పాడరు. అది మర్యాద.

ఆ పొద్దున నేను మా ఊరి వాగులో బట్టలు ఉతుక్కుని వచ్చి, గుమ్మడికాయ పట్టుకుని గుడికి పోయాను. బలిపీఠం ముందు మా సైకిలు నిలబెట్టి ఉంది. నేను వాగు దగ్గర ఉన్నప్పుడు ఇంట్లోంచి తీసుకొచ్చారన్నమాట. హ్యాండిల్‌కు బంతిపూల దండ. ఒక కోడిని కాళ్ళు కట్టి వేలాడదీశారు. అది కొట్టుకుని కొట్టుకుని సీటు మీద రెట్ట వేసింది. గంట మాత్రం తళతళ మెరుస్తున్నది. దాన్ని దేనితో తుడిచాడో నాకు తెలుసు.

శాంతయ్య జ్ఞాపకార్థం తమ్ముడు సాముయేలు అర్పించినాడని అయ్యగారు ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నా నోరు తెరుచుకోలేదు. దేవుని ఎదుట నిలబెట్టిన వస్తువును ఇది నాది అని చేయి పట్టి ఎట్లా లాగను? అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసే అక్కడ పెట్టాడు.

హర్రాజులో ఆడవాళ్ళు పాడరు, చూస్తారు. సైకిలు వంతు రాగానే నేను లేచి నిలబడ్డాను.

"నా చేని జొన్నలు, ఈ ఏటియి, అన్నీ," అన్నాను.

ఇచ్చిన ఇంటి మనిషి పాడింది కాబట్టి అంతటితో అయిపోవాలి. అయ్యగారు మూడోసారి అనబోతుండగా అంజిలయ్య గొంతు సవరించుకున్నాడు. తన బావి కింది వడ్లు ఇస్తానన్నాడు. నా జొన్నల పక్కన ఆ వడ్లు ఎన్ని రెట్లో అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. అందరూ నేల చూశారు. ఒక్కరూ ఇది పద్ధతి కాదు అనలేదు. సాముయేలు నా దగ్గరికి వచ్చి, అంతా దేవుని పనికే గద వదినా అని చెవిలో గొణిగాడు. అతని జేబులోంచి ఆ రుమాలు వాసన వచ్చింది. నేను గుడి వెనక్కి పోయి ఉమ్మేశాను. ఎంత ఉమ్మేసినా నోరు శుభ్రం కాలేదు.

అప్పటి నుంచి బస్సులో పోయాను. కిటికీలోంచి రోడ్డు కనిపించేది గానీ గాలి నాది కాదు. చంకల చెమట, బీడీ పొగ, ఎవరో కక్కిన వాసన. ఆదివారాల్లో అంజిలయ్య మా ఆయన సైకిలు మీద మా ఇంటి ముందు నుంచే చెరువుకు పోయేవాడు. వచ్చేటప్పుడు హ్యాండిల్‌కు చేపలు. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. మడ్‌గార్డు మీద పాన్ ఉమ్మి ఎర్రగా గడ్డకట్టి ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే వాకిట్లో చైను చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. నిర్మలమ్మ ఆ సైకిలును తోసుకుంటూ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆయన తాగి పడుకున్నాడని, పొద్దు గుంకేదాకా లేవడని చెప్పింది. కొంగు కొసను వేలికి చుడుతూ విప్పుతూ నిలబడింది.

"ఆ దిగుడు," అన్నది చివరికి. "నిజంగనే గంత మంచిగుంటదా?"

నాకు ఆమె మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి.

"నువ్వు చెప్పినప్పటి సంది నాకు నిద్ర పడతలేదు," అన్నది. "నాకు నేర్పు అక్కా."

నేను సైకిలు వైపు చూశాను. సీటు జిగటగా ఉంది. చక్రం పుల్లల మధ్య చేప పొలుసులు ఎండి అంటుకున్నాయి. హ్యాండిల్ పట్టుకుంటే చేతికి నీచు వాసన అంటింది.

"ముందుగాల దాన్ని కడుగు," అన్నాను.

ఆమె కడిగింది. సంఘ పెద్ద భార్య నా వాకిట్లో గొంతుకూర్చుని, బూడిద, కొబ్బరి పీచు తీసుకుని ఒక్కొక్క పుల్లా రుద్దింది. పాన్ మరక గోటితో గీకుతూ ఛీ అన్నది. ఆ రోజు నన్ను చూసి అన్న ఛీయే అది. ఇప్పుడు సరైన దాని మీద పడింది. గోడ అవతలి నుంచి పెంటమ్మ తల ఎత్తి చూసింది.

"గంట గూడ మంచిగ రుద్దు నిర్మలమ్మా. అందుల సాముయేలు ఉన్నడు," అన్నది.

నిర్మలమ్మ నవ్వలేదు. గంటను మాత్రం మూడు సార్లు కడిగింది.

ఆదివారాలు, మగవాళ్ళు తాగి పడుకున్నాక, కళ్లంలో నేర్పాను. ఆమె మీద జాలితో కాదు. ఆమె వస్తేనే నాకు సైకిలు దొరికేది కాబట్టి నేర్పాను. ఆమె ఒక చుట్టు తిరిగితే నేను రెండు చుట్లు తిరిగేదాన్ని. ఆమె పడినప్పుడు ముందు సైకిలును లేపాను. ఇట్లా కళ్లంలో గానుగెద్దులా తిరగడం తప్ప ముడిమ్యాల దిగుడు మనకెక్కడిదని ఒకరోజు అన్నాను. ఆమె మోచేతి మీది మట్టి దులుపుకుంది.

క్రిస్మస్ పొద్దున గుడి నిండా జనం. ఆరాధన మధ్యలో కానుకల పాట పాడుతుండగా వాకిలి దగ్గర చైను చప్పుడైంది. నిర్మలమ్మ కొత్త చీర కట్టుకుని సైకిలును తోసుకుంటూ నడి దారిలో వచ్చింది. బలిపీఠం ముందు స్టాండు వేసి నిలబెట్టింది. దండ లేదు, కోడి లేదు. పాట ఆగిపోయింది.

"అయ్యగారూ, ఇది నేను, మా ఆయన ఇద్దరం దేవునికిస్తున్నం," అన్నది. "దవాఖాన ఆయా రోగుల ఇండ్లకు పోవటానికి. హర్రాజుకు గాదు."

అంజిలయ్య సగం లేచాడు. అతను లేచేసరికే ముసలివాళ్ళు ఆమేన్ అన్నారు. వెనక నుంచి పిల్లలు ఇంకా గట్టిగా అన్నారు. పెట్టింది దేవుని ముందు. వెనక్కి అడిగితే సంఘ పెద్ద ఏమైపోతాడు? అతను మళ్ళీ కూర్చున్నాడు. సాముయేలు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అయ్యగారు అంజిలయ్య ఉదారతను కొనియాడుతూ చాలాసేపు ప్రార్థించారు. ఆ ప్రార్థన చివర నేను లేచి, అంజిలయ్య అన్నకు వందనాలు అని అందరి ముందూ చెప్పవలసి వచ్చింది. చెప్పాను. నాలుక మీద చేప పొలుసు పెట్టుకున్నట్టుంది. అయినా చెప్పాను.

ఇప్పుడు సైకిలుకు ఒక కారణం ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. రోగులు లేని రోజుల్లో కూడా నేను అటు పోతే, ఎవరికో బాగాలేదేమోలే అనుకున్నారు. అంతకు ముందు లేని మనిషి కోసం ఊరంతా వెతికారు. ఇప్పుడు లేని రోగిని వాళ్ళే కల్పించుకున్నారు. అదీ వాళ్ళ నీతి. దాని మీద నా రోత ఇంకా తగ్గలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు నిర్మలమ్మ పంటి నొప్పి అని ఇంట్లో చెప్పి నాతో చేవెళ్లకు వచ్చింది. పని కాగానే ఆమెను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ముడిమ్యాల దారి పట్టాను. జొన్న కోసేశారు. చేలల్లో కొయ్యకాళ్ళు మిగిలి ఉన్నాయి. దిగుడు మొదట్లో గట్టిగ పట్టుకోమని చెప్పి తొక్కడం ఆపేశాను. ఇద్దరి బరువుకు సైకిలు రాయిలా జారింది. ఆమె నా నడుము పట్టుకుని వీపులో మొహం దాచుకుంది. కాసేపటికి మొహం ఎత్తిందని తెలిసింది, నా మెడ మీద ఆమె ఊపిరి తగిలింది.

వాగు దగ్గర ఆపాను. ఆమె దిగి, రెండడుగులు వేసి, ఇసుకలో కూర్చుని పొద్దున తిన్నదంతా కక్కేసింది. నేను ముక్కు మూసుకున్నాను. ఎవరి కక్కైనా కక్కే. వాగు నీళ్ళు దోసిట్లో తెచ్చి ఇస్తే పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుంది. మొహం పాలిపోయి ఉంది. పైన తన వాకిట్లోంచి సుక్కమ్మ చూస్తున్నది.

నిర్మలమ్మ దిగుడు మొదటి వైపు తలెత్తి చూసింది.

"మళ్లొక్కసారి," అన్నది.

ఆమె హ్యాండిల్ పట్టుకుంది. నేను వెనక నుంచి పైకి తోశాను.